తపోద: రాజగృహ నగరద్వారం వెలుపలి వేడినీటి చరిత్ర

బీహార్ రాజధాని పట్నాకు ఆగ్నేయంగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న రాజ్‌గిర్ పట్టణమే ప్రాచీన సాహిత్యంలోని రాజగృహం. దానికి అంతకంటే పాత పేరు గిరివ్రజం. వ్రజమంటే పశువుల మంద నిలిచే దొడ్డి కాబట్టి, కొండలే దడిగా కలిగిన దొడ్డి అని ఆ పేరుకు అర్థం చెప్పుకోవచ్చు. వైభార, విపుల, రత్న, ఉదయ, సోన గిరులని నేడు వ్యవహరించే అయిదు కొండల నడుమ, ఆ కొండల శిఖరాల మీదుగా పెద్ద పెద్ద బండలను సున్నం లేకుండా పేర్చి కట్టిన రాతిగోడ రక్షణలో, మగధ రాజ్యపు తొలి రాజధాని వెలసింది. ఉత్తరాన వైభార, విపుల గిరుల మధ్య ఒక ఇరుకైన కనుమ ఉంది. పాత నగరపు ఉత్తర ద్వారం ఆ కనుమలోనే ఉండేది. ఆ ద్వారం దాటి బయటికి వచ్చిన వెంటనే, రెండు కొండల పాదాల వద్దా, వేడినీటి ఊటలు ఉన్నాయి. వైభారగిరి వైపున సప్తధార, బ్రహ్మకుండం, విపులగిరి వైపున సూర్యకుండం, సీతాకుండం, మఖ్దూం కుండం వీటిలో ప్రసిద్ధమైనవి. కొండల అవతల ఉత్తరపు మైదానంలో తరువాత కొత్త రాజగృహం వెలసినప్పుడు కూడా ఈ ఊటలు రెండు నగరాల మధ్యనే ఉన్నాయి తప్ప ఏ ఒక్క కోటలోపలికీ చేరలేదు. ఊరికి కూతవేటు దూరంలో, అయినా ప్రాకారానికి వెలుపల ఉండటమనే ఈ ఒక్క విషయం ఆ నీటి చరిత్రను ఎంతగా నిర్ణయించిందో గమనించకపోతే రాజ్‌గిర్ కథ సగమే అర్థమవుతుంది.

పాలి గ్రంథాలలో ఈ వేడినీటి ప్రవాహం పేరు తపోదా. తపించే, అంటే కాగే, ఉదకం కలది కాబట్టి తపోద. దాని ఒడ్డున బౌద్ధ సంఘానికి తపోదారామం అనే విహారం ఉండేది. మహాభారతం వనపర్వంలోని తీర్థయాత్రా భాగం కూడా రాజగృహాన్ని పేర్కొని, అక్కడి తపోదాలలో నీటిని స్పృశించినవాడు కక్షీవంతుడనే ఋషిలా ఆనందిస్తాడని చెబుతుంది. సంస్కృత ఇతిహాసమూ పాలి పిటకమూ ఒకే పేరును వాడుతున్నాయంటే, ఆ పేరు ఏ మతమూ ప్రత్యేకంగా పెట్టినది కాదనీ, ఆ ఊళ్ళో జనం నోట ఉన్న మాటేననీ భావించడం సమంజసం.

తపోదా స్నానం గురించి మిగిలిన పాత కథనాలలో అత్యంత విలువైనది వినయ పిటకంలో, అంటే భిక్షువుల నడవడిని నియమించే గ్రంథభాగంలో, ఉంది. మగధరాజు సేనియ బింబిసారుడు ఒకనాడు తలస్నానం చేయాలని తపోదాకు వచ్చాడు. అప్పటికే భిక్షువులు నీటిలో ఉన్నారు. ఆర్యుల స్నానం ముగిసేదాకా ఆగుదామని రాజు ఒక పక్కన నిలబడ్డాడు. భిక్షువులు పొద్దుగుంకి చీకటి పడేదాకా స్నానం చేస్తూనే ఉన్నారు. రాజు వేళ కాని వేళ తలస్నానం ముగించుకునేసరికి నగరద్వారం మూసివేశారు. ఆ రాత్రి రాజు తన నగరం బయటే గడిపి, తెల్లవారగానే, ఒంటికి పూసుకున్న గంధం ఇంకా చెదరకుండానే, బుద్ధుని దర్శనానికి వెళ్ళాడు. ఇంత పొద్దున్నే, పూత చెరగకుండా ఎందుకు వచ్చావని బుద్ధుడు అడిగినప్పుడు రాజు జరిగినది చెప్పాడు. రాజును చూసి కూడా మితం తెలియకుండా స్నానం చేస్తారా అని బుద్ధుడు భిక్షువులను మందలించి, పక్షానికి ఒకసారి కంటే ఎక్కువగా స్నానం చేయరాదని నియమం విధించాడు. పాచిత్తియాలనే వర్గంలో, అంటే ఒప్పుకొని పశ్చాత్తాపపడితే తీరే దోషాల పట్టికలో, ఇది 57వ నియమం.

ఈ కథలోని వివరాలు నేలతో సరిగ్గా సరిపోతాయి. ఊటలు కోటలోపల ఉండి ఉంటే రాజు బయట చిక్కుకునే పరిస్థితే రాదు. ఉత్తర ద్వారానికీ ఊటలకూ మధ్య ఎంత కొద్ది దూరమో చూస్తే, తన రాజధాని గోడ కనబడుతుండగానే ఆ రాజు రాత్రంతా బయట ఉండిపోయాడని తెలుస్తుంది. పైగా తపోదా వద్ద రాజుకు విడిగా రేవు లేదు. ముందు వచ్చినవారి తరువాత, తన వంతు కోసం నిలబడాలి. సంఘం పట్ల బింబిసారుడికి ఉన్న గౌరవాన్ని చాటడానికి గ్రంథకర్తలు ఈ కథ చెప్పి ఉండవచ్చు; అయినా ఆ కథ నమ్మదగినదిగా వినిపించాలంటే, ఆ నీరు అందరిదీ అనే భావన శ్రోతలలో ముందే ఉండి ఉండాలి.

నియమం విధించిన తరువాత దానికి సడలింపులు ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. ఎండాకాలపు చివరి నెలన్నర, వానాకాలపు తొలి నెల కలిపి రెండున్నర నెలలు ఉక్కపోత కాలం కాబట్టి అప్పుడు స్నానం చేయవచ్చు. జబ్బుచేసినప్పుడు, పనిచేసినప్పుడు, ప్రయాణం చేసినప్పుడు, గాలివాన వచ్చినప్పుడు కూడా చేయవచ్చు. పని అంటే ఎంత అన్న ప్రశ్నకు పరివేణాన్ని, అంటే విహారపు వాకిలిని, ఊడ్చినా పనేనని వ్యాఖ్య చెబుతుంది. గాలివాన అంటే దుమ్ముతో కూడిన గాలి వీచి ఒంటి మీద రెండు మూడు చినుకులు పడినా చాలు. చెమటా దుమ్మూ నిండిన మగధ వేసవిలో పక్షానికొక స్నానమనే నియమం ఎంత కష్టమైందో ఆ రెండు మూడు చినుకుల లెక్కలోనే కనబడుతుంది. మధ్యదేశానికి వెలుపల, అవంతి దక్షిణాపథం వంటి ప్రత్యంత, అంటే సరిహద్దు, జనపదాలలో ప్రజలు స్నానానికి ఎక్కువ విలువ ఇస్తారు కాబట్టి అక్కడి భిక్షువులు ఎప్పుడైనా స్నానం చేయవచ్చని వినయమే మరోచోట అనుమతించింది.

సంయుత్త, మజ్ఝిమ నికాయాలనే ఉపదేశ సంకలనాలలో తపోదా మరో రకంగా కనిపిస్తుంది. సమిద్ధి అనే భిక్షువు తెల్లవారుజామున లేచి, తపోదాకు వెళ్ళి స్నానం చేసి, ఏకవస్త్రంతో ఒడ్డున నిలబడి ఒళ్ళు ఆరబెట్టుకుంటున్న సమయంలో ఒక దేవత వచ్చి ప్రశ్నించిందని ఆ సూత్రాలు ప్రారంభమవుతాయి. తువ్వాలు లేని భిక్షువు, వేకువ చలి, వేడినీటి నుంచి బయటికి వచ్చిన శరీరం: ధర్మచర్చకు ఎంచుకున్న ఆ రంగం ఎవరో ప్రతిదినం చూసినదే అయి ఉండాలి.

ఆ నీరు ఎందుకు వేడిగా ఉంటుందనే ప్రశ్న రాజగృహంలోని ప్రతి సంప్రదాయాన్నీ వెంటాడింది. తపోదా రెండు మహానరకాల మధ్య నుంచి ప్రవహించి రావడం వల్ల కాగుతోందని బుద్ధుని శిష్యుడు మొగ్గల్లానుడు చెప్పాడనీ, తోటి భిక్షువులు అది అబద్ధమని ఆక్షేపించగా బుద్ధుడు అతని మాటనే సమర్థించాడనీ వినయ పిటకం చెబుతుంది. క్రీ.శ. 5వ శతాబ్దికి చెందిన వ్యాఖ్యాత బుద్ధఘోషుడు, వైభారగిరి కింద నాగలోకంలో ఒక సరస్సు ఉందనీ, తపోదా అక్కడే పుడుతుందనీ వివరించాడు. జైనుల భగవతీ సూత్రం ఇదే వాదాన్ని ఎదుర్కొంటుంది. వైభారగిరి దిగువన పెద్ద మడుగు ఒకటి ఉందని అన్యమతస్థులు చెప్పడం పొరపాటనీ, అక్కడ ఉన్నది ఒక ఊట మాత్రమేననీ, ఉష్ణయోనిక జీవులు, అంటే వేడిలోనే పుట్టే స్వభావం గల జీవులు, పుద్గలాలతో, అంటే భౌతిక పరమాణువులతో, కలిసి నీటి రూపంలో నిరంతరం పుడుతూ నశిస్తూ ఉండటం వల్లనే నీరు వేడిగా పారుతుందనీ మహావీరుడు చెప్పినట్లు ఆ గ్రంథం పేర్కొంటుంది. రాజగృహ, నాలందా పరిసరాలలో 14 వర్షాకాలాలు గడిపిన గురువుకు ఆ ఊటను గురించిన ప్రశ్న ఎదురుకావడం సహజమే.

క్రీ.శ. 7వ శతాబ్దిలో నాలందాలో విద్యనభ్యసించిన చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్, విపులగిరి పక్కన పూర్వం 500 వేడి ఊటలు ఉండేవనీ, తన కాలానికి కొన్ని పదులు మాత్రమే మిగిలాయనీ, వాటిలో కొన్ని వేడిగా, కొన్ని చల్లగా ఉన్నాయనీ రాశాడు. హిమాలయాలకు దక్షిణాన ఉన్న అనవతప్త సరస్సు నీరు భూమి కిందుగా ప్రయాణించి, నరకాగ్నుల పక్క నుంచి వచ్చి, ఇక్కడ వేడిగా పైకి లేస్తుందని ఆయన విన్నాడు. ఊటల ముఖాల వద్ద సింహం తలలు, తెల్ల ఏనుగు తలలు చెక్కి, కింద రాతితొట్లు కట్టారనీ, నానా దేశాల నుంచి జనం వచ్చి స్నానం చేస్తారనీ, మొండి రోగాలు చాలావరకు నయమవుతాయనీ కూడా ఆయన నమోదు చేశాడు. అప్పటికి పాత నగరం నిర్జనమై శతాబ్దాలు గడిచాయి. మగధరాజు ఉదయిన్ కాలంలో రాజధాని పాటలీపుత్రానికి తరలిపోయింది, మౌర్యులూ గుప్తులూ వచ్చి వెళ్ళారు. నగరం కోసం ఎవరూ రాని ఆ కాలంలో నీటి కోసం పరదేశాల వారు వస్తూనే ఉన్నారు.

నేటి భూగర్భశాస్త్రం ఇక్కడ అగ్నిపర్వతం ఏదీ లేదని చెబుతుంది. రాజ్‌గిర్ కొండలు క్వార్ట్‌జైట్ శిలతో, అంటే ఒత్తిడికీ వేడికీ లోనై బిగుసుకుపోయిన ఇసుకరాయితో, ఏర్పడ్డాయి. కొండల మీద కురిసిన వాన ఆ శిల పగుళ్ళలోకి ఇంకి లోతుకు దిగుతుంది. భూమిలోపలికి పోయేకొద్దీ కిలోమీటరుకు సుమారు 25 నుంచి 30 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది కాబట్టి ఆ నీరు కాగి, మరొక పగులు దొరికిన చోట ఒత్తిడితో పైకి వస్తుంది. బ్రహ్మకుండం నీరు 45 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. దూరాన పడిన నీరు భూమి కిందుగా ప్రయాణించి, వేడిని తాకి, పైకి వస్తుందన్న హ్యుయాన్‌త్సాంగ్ కాలపు వివరణలో సరస్సునూ నరకాన్నీ పక్కన పెడితే, మిగిలిన మార్గమంతా సరిగ్గానే ఉందని ఒప్పుకోవాలి.

14వ శతాబ్దిలో ఫిర్దౌసీ సూఫీ శాఖకు చెందిన షరఫుద్దీన్ అహ్మద్ యహ్యా మనేరీ ఈ కొండల అడవిలో ఏళ్ళ తరబడి తపస్సు చేశాడు. 1381లో బిహార్ షరీఫ్‌లో కన్నుమూసిన ఆయనను జనం మఖ్దూం సాహెబ్ అని పిలుస్తారు. విపులగిరి పాదాన ఆయన వాడిన ఊట మఖ్దూం కుండం అయింది. దానికే శృంగి ఋషి కుండం అనే పేరు కూడా ఉంది. ఆ పక్కనే నమాజు చేసుకునే చోటు, కొండరాతి మరుగున ఆయన చిల్లా, అంటే 40 రోజుల ఏకాంత ఉపాసన చేసిన స్థలం, ఉన్నాయి. ఒకే ఊటకు రెండు పేర్లు నిలవడాన్ని ఒకరి గుర్తును మరొకరు చెరిపివేసిన కథగా చూడటం కంటే, వచ్చినవారెవరూ ఆ నీటిని పూర్తిగా తమదిగా చేసుకోలేకపోయారని చూడటమే ఈ స్థలానికి న్యాయం చేస్తుంది.

రాజ్‌గిర్ స్నానాలలో పెద్దది మలమాస మేళా. చాంద్రమానపు 12 నెలలు సౌర సంవత్సరం కంటే సుమారు 11 రోజులు తక్కువ కావడంతో, ఆ తేడాను సరిచేయడానికి దాదాపు 32 నెలలకు ఒకసారి వచ్చే అదనపు నెలను ఉత్తరాదిన మలమాసమనీ, పురుషోత్తమ మాసమనీ, తెలుగునాట అధికమాసమనీ అంటారు. ఆ నెల పొడవునా 33 కోట్ల దేవతలు రాజ్‌గిర్‌లోనే నివసిస్తారని నమ్మిక. 22 కుండాలు, 52 ధారలు అని అక్కడి పండాలు, అంటే తీర్థ పురోహితులు, లెక్క చెబుతారు. పెళ్ళిళ్ళకూ గృహప్రవేశాలకూ పనికిరాదని తెలుగువారు పక్కన పెట్టే ఆ నెలలోనే తెలుగునాట పండితులు స్నానదానాలు విధించి, 33 అపూపాలను, అంటే అప్పాలనో అరిసెలనో, దానం చేయమంటారు. గంగా మైదానంలోని మేళా, గోదావరి తీరంలోని పిండివంట ఒకే సంఖ్యను పట్టుకొని ఉండటం అప్రధానమైన విషయం కాదు. 2023లో అధిక శ్రావణం జులై 18 నుంచి ఆగస్టు 16 దాకా వచ్చినప్పుడు మేళా ఆ నిండు వర్షాకాలంలోనే జరిగింది.

వలస పాలన కాలంలో ఈ నీటి దగ్గరికి ఉష్ణమాపకం వచ్చింది. 1811-12లో పట్నా, గయ జిల్లాలను సర్వే చేసిన ఫ్రాన్సిస్ బుకనన్ ఊటల వేడిని కొలిచి, పేర్లు అడిగి రాసుకున్నాడు. 1880ల్లో వెలువడిన థామస్ ఓల్డ్‌హామ్ పట్టిక భారతదేశంలోని దాదాపు 300 వేడి ఊటలను నమోదు చేసింది. 1991 నాటి భూతాప అట్లాసు ఆ సంఖ్యను సుమారు 340కి చేర్చింది. గోదావరి లోయ కూడా ఆ పటంలో ఉంది. భద్రాచలం సమీపాన గుండాల వద్ద నది ఒడ్డున ఇసుకను చేతులతో తవ్వితే వేడినీరు ఊరుతుంది, జనం దాన్ని ఉష్ణగుండం అంటారు. అక్కడ కుండం కట్టడానికి వీలు లేదు. వరద వచ్చి గుంతను పూడ్చేస్తుంది, చలికాలంలో మళ్ళీ తవ్వుకోవాలి.

రాజ్‌గిర్‌లో ఇప్పటికీ రద్దీ కాలం చలికాలమే. మకర సంక్రాంతికి మరో మేళా జరుగుతుంది. తెల్లవారుజామున ఆవిరి పొగలా లేచే సప్తధార వద్ద, గోడలోని తూముల నుంచి పడే నీటి కింద ఒకరు వీపు ఆనించి కూర్చుంటే, తడిసిన మెట్ల మీద తరువాతివారు చేతులు ముడుచుకొని వణుకుతూ నిలబడతారు. సప్తధారలో ఒళ్ళు వేడికి అలవాటు చేసుకొని ఆ తరువాతే బ్రహ్మకుండంలోకి దిగడం ఆనవాయితీ. అయితే ఇటీవలి వేసవుల్లో కొన్ని కుండాల్లో ధార సన్నగిల్లి, కొన్ని ఎండిపోయిన సందర్భాలున్నాయి. బోరుబావులు పెరిగి భూగర్భజలం దిగిపోవడాన్ని అక్కడివారు కారణంగా చూపుతారు. 2022 నవంబరులో మొకామా దగ్గరి హాథీదహ్ నుంచి గొట్టాల ద్వారా గంగ నీటిని రాజ్‌గిర్ ఇళ్ళకు అందించే పథకం ప్రారంభమైంది. పట్టణం తాగునీటికి గంగ వచ్చింది కానీ, కుండాలకు మాత్రం వైభార, విపుల గిరుల మీద కురిసే వానే ఆధారం.