రోజుకో రూపాయి

మా అత్తగారి ట్రంకుపెట్టెలో నీలం అట్ట పుస్తకం ఒకటుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కవిటి మండలంలోని మా ఊరింటి పైకప్పు ఎగిరిపోయింది. నవరాత్రులు మొదలైన మర్నాడది. దొడ్లో కొబ్బరిచెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. పెట్టె మీద నులకమంచం బోర్లా పడబట్టి అందులోవి మాత్రం తడవలేదు. ఆ తరవాతే అత్తగారు ఇచ్ఛాపురంలో మా దగ్గరికి వచ్చేశారు.

మొన్న పెట్టె సర్దుతుంటే ఆ పుస్తకం మళ్లీ చేతికొచ్చింది. అది వాళ్ల డ్వాక్రా సంఘం తీర్మానాల పుస్తకం. అందులో దస్తూరీ నాదే. పెళ్లయి ఆ ఊరు వెళ్లిన కొత్తలో సంఘంలోని పన్నెండుమందిలో ఎవరికీ రాయడం రాదు. "బీయే సదివింది మా కోడలు" అని అత్తగారు నన్ను తీసుకెళ్లి మధ్యలో కూర్చోబెట్టారు. మూడేళ్లు ప్రబంధాలు చదివిన చదువు మొదటిసారి అక్కరకొచ్చింది అక్కడే.

ఆ పుస్తకం వెనక ఉన్న కథ చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

1914లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ ఊళ్లో ఫ్రెడరిక్ గాఫ్ అనే బ్యాంకు పెద్దమనిషి ఒక నిధి ఏర్పాటు చేశాడు. ఊళ్లో డబ్బున్నవాళ్లు పోతూ పోతూ రాసిచ్చిన ఆస్తులన్నీ ఒకచోట కలిపి, ఊరి అవసరాలకు ఏటేటా ఎలా ఖర్చుపెట్టాలో ఆ ఊరివాళ్ల కమిటీయే తేల్చుకోవాలన్నాడు. ఎప్పుడో పోయినవాళ్లు పెట్టిన షరతులు బతికున్నవాళ్లను కట్టిపడేయకూడదని ఆయన ఉద్దేశం. ఆ పద్ధతి తరవాత ఎన్నో దేశాలకు పాకింది. కుటుంబాలకీ వృద్ధులకీ చిన్న వ్యాపారాలకీ సాయం చేసే ప్రాంతీయ నిధులు అలాగే పుట్టాయి.

మన ఉద్దానంలో అలా రాసిచ్చే ధనవంతులెక్కడ? జీడితోట, కొబ్బరితోట, చేపలవేట, లేదంటే పొట్టపట్టుకుని వలస. అయినా అలాంటి నిధి మనకీ ఉంది. కాకపోతే అది పోయినవాళ్ల ఆస్తులతో పుట్టలేదు, బతికున్న ఆడవాళ్ల చిల్లరతో పుట్టింది.

డ్వాక్రా పథకం 1982లో మొదలైంది. మన రాష్ట్రంలో తొలుత మొదలుపెట్టిన జిల్లాల్లో ఆదిలాబాదు, కడపలతో పాటు శ్రీకాకుళం కూడా ఉంది. పది పదిహేనుమంది ఆడవాళ్లు గుంపుగా చేరితే ప్రభుత్వం కొంత మూలధనం ఇచ్చేది. అప్పట్లో పొదుపు ఊసు పెద్దగా లేదు. అది వచ్చింది నెల్లూరు జిల్లా నుంచి. 1992లో దూబగుంటలో రోశమ్మ, ఇంకొందరు ఆడవాళ్లు సారా దుకాణం మూయించడం మనందరికీ తెలిసిన సంగతే. 1993లో సారా నిషేధం వచ్చాక, సారాకి పోయే డబ్బులోంచి రోజుకో రూపాయి దాచుకుందామన్నారు వాళ్లు. పొదుపులక్ష్మి అన్న పేరు అలా నిలిచింది. ఇటు నాబార్డు 1992లోనే ఇలాంటి సంఘాలకు బ్యాంకు అప్పులు ఇప్పించడం మొదలుపెట్టింది. ప్రభుత్వ వాటాధనం, పెత్తనం లేకుండా సభ్యులే నడుపుకునే సహకార సంఘాలకు 1995లో మన రాష్ట్రంలో చట్టం వచ్చింది.

2000లో ప్రపంచబ్యాంకు అప్పుతో వెలుగు పథకం మొదలైనప్పుడు మొదటి ఆరు వెనకబడిన జిల్లాల్లో మళ్లీ మనదీ ఉంది. సంఘాలన్నీ కలిసి గ్రామ సంఘం, గ్రామ సంఘాలన్నీ కలిసి మండల సమాఖ్య, పైన జిల్లా సమాఖ్య. 2011లో దేశమంతటికీ జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ వచ్చినప్పుడు దానికి ఒరవడి చాలావరకు ఇక్కడిదే.

ఆ డబ్బు ఏంచేసింది? మా ఊళ్లో నేను చూసినవి చెబుతాను. ఒకావిడ ఎండుచేపల బుట్ట పెట్టుకుని కంచిలి సంతకి వెళ్లింది. ఒకావిడ కొబ్బరిపీచు తాళ్లు పేనే యంత్రం కొంది. ఇంకొకావిడ ఆ డబ్బుతో కూతురి పదో తరగతి ఫీజు కట్టి, బ్యాంకు సారుకి మాత్రం గేదె కొన్నానని చెప్పింది. 2009లో అభయహస్తం వచ్చింది. సభ్యురాలు రోజుకో రూపాయి, ప్రభుత్వం ఇంకో రూపాయి వేస్తే, అరవై దాటాక నెలకు కనీసం 500 పింఛను. తొమ్మిది నుంచి ఇంటరు దాకా చదివే పిల్లలకు ఏడాదికి 1,200 ఉపకారవేతనం. అప్పటికే అరవై దాటిన మా అత్తగారికి తొలి విడతలోనే పింఛను వచ్చింది. ఆ నోటు పట్టుకుని ఇల్లంతా తిరిగారు. అంతకుముందు ఆవిడ పేరుమీద ఎవరూ ఏదీ ఇచ్చింది లేదు. తరవాతి ఏళ్లలో మామూలు పింఛన్ల మొత్తం పెరిగి ఆ పథకం వెనకబడిపోయింది గానీ, ఆ మొదటి నోటు మాత్రం ఆవిడ చాన్నాళ్లు ఖర్చుపెట్టలేదు.

ఇంతవరకూ చెప్పుకోవడానికి బాగానే ఉంది. ఇప్పుడు పుస్తకంలోని ఒక పేజీ సంగతి.

సంఘానికి బ్యాంకు అప్పిచ్చేది పొలం చూసి కాదు, బంగారం చూసి కాదు. ఒకరికి ఒకరు పూచీ. ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి. 2006లో మా సంఘంలో ఒకావిడ కిడ్నీ జబ్బుతో పోయింది. ఉద్దానంలో ఆ జబ్బు సంగతి మీకు నేను చెప్పాలా! ఆవిడకి ఏ బీమా కట్టలేదు. వాటా బాకీ ఇంకా 5,280 ఉంది. పన్నెండు నెలల వాయిదాలు, మిగిలినవాళ్లు పదకొండుమంది. నేనే లెక్క కట్టి చెప్పాను, నెలకు తలా నలభై.

అత్తగారు వెంటనే, "అది పోనాది. మన ఏలిముద్రలు పోనేదు కదే" అన్నారు. అందరూ తలూపారు, ఒక్కావిడ తప్ప. ఆవిడ పలాస జీడిపప్పు కార్ఖానాలో పొట్టు తీసేది. జీడి నూనెకి వేళ్లు నల్లబడిపోయి ఉండేవి. "నలభై అంటే నా ఒక రోజు కూలి అమ్మా. నా గుంటలికి నువ్వు పెడతావేటి?" అంది. ఎవరూ మాట్లాడలేదు. ఆవిడ కూడా చివరికి వేలిముద్ర వేసింది. ఏడాదంతా కట్టి, బాకీ తీరిన నెలలోనే సంఘంలోంచి వెళ్లిపోయింది.

పుస్తకంలో నేను రాసిన వాక్యం ఇది: "సభ్యులందరూ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది."

ఆవిడ మాట నేను రాయలేదు. అప్పటికి నాకది గొడవగా అనిపించింది, రాయదగ్గ విషయమనిపించలేదు.

నాలుగేళ్ల తరవాత ఇదే పూచీ ఇంకో రూపంలో కనిపించింది. లాభాల కోసం పెట్టిన సూక్ష్మరుణ కంపెనీలు కూడా ఇలా ఆడవాళ్లను గుంపులుగా చేర్చి, ఒకరికొకరిని పూచీ పెట్టి అప్పులిచ్చేవి. వారం వారం వాయిదా. ఒకరు కట్టకపోతే మిగతావాళ్లే వెళ్లి ఆ ఇంటి ముందు కూర్చోవాలి. రాష్ట్రంలో ఆత్మహత్యల వార్తలు వచ్చాక 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఇంటికెళ్లి వసూలు చేయకూడదు, వాయిదా నెలకొకసారే, వడ్డీ అసలు దాటకూడదు. ఆ దెబ్బకి వాటి వసూళ్లు దాదాపు ఆగిపోయాయి. ఆ మరుసటేడే సంఘాలు, ప్రభుత్వం కలిసి స్త్రీనిధి పరపతి సంస్థ పెట్టుకున్నాయి.

కంపెనీ పూచీకీ మా సంఘం పూచీకీ తేడా ఏమిటని అప్పట్లో చాలా ఆలోచించాను. మా దగ్గర వడ్డీ సంఘంలోకే వస్తుంది, లెక్క మా ముందే ఉంటుంది, తుఫాను వస్తే నెలపాటు పొదుపు ఆపుకుందామని మేమే అనుకోవచ్చు. తిత్లీ తరవాత అలాగే ఆపుకున్నారు కూడా. తేడా చిన్నది కాదు. కానీ జీడి కార్ఖానాకి వెళ్లే ఆవిడకి మాత్రం నలభై రూపాయలు నలభై రూపాయలే.

సమాఖ్యల గురించి సభల్లో చెప్పేవాళ్లు ఎన్ని కోట్ల పొదుపు, ఎన్ని లక్షలమంది సభ్యులు అని చెబుతారు. చెప్పాలి కూడా. మా అత్తగారి పింఛను, ఆ పిల్ల పదో తరగతి ఆ లెక్కల్లోనే ఉన్నాయి. కాని ధనవంతులు రాసిచ్చిన నిధిలో పోయినవాళ్ల బాకీ బతికున్న పేదల మీద పడదు. మన నిధిలో పడింది. దాన్ని మోసినవాళ్లెవరో ఆ పుస్తకాల్లో ఉండదు, ఎందుకంటే అవి రాసింది నాలాంటివాళ్లం.

ఈ సంగతి అత్తగారితో అంటే, "అదీ నిజమేనే. అది రోజంతా కూకుంటే గానీ నలభై వచ్చీది కాదు" అన్నారు. అప్పుడెందుకు అలా అన్నారని నేను అడగలేదు. ఆ బాకీ కట్టకపోతే సంఘానికి మళ్లీ అప్పు పుట్టేది కాదు, ఆ తాళ్ల యంత్రం వచ్చేది కాదు, అదీ నాకు తెలుసు.

పుస్తకం చివర నాలుగు పేజీలు ఖాళీగా ఉన్నాయి. నిన్న రాత్రి అందరూ పడుకున్నాక, ఆవిడ అన్న మాట ఆవిడ అన్నట్టుగానే, తేదీ వేసి అందులో రాసిపెట్టాను.