కొండ మీదికి రోడ్డు వేసినవాళ్ళు

పోయిన దీపావళి సెలవుకి మేము పన్నెండు మందిమి వ్యాన్ మాట్లాడుకుని కౌలాలంపూర్ నుంచి కామెరాన్ హైలాండ్స్ చూడ్డానికి వెళ్ళాం. అందరం బిల్డింగ్ పనివాళ్ళమే. తాపా దగ్గర హైవే దిగగానే ఘాట్ రోడ్డు మొదలైంది. ఒకపక్క కొండ, ఇంకోపక్క లోయ, మలుపు మీద మలుపు. చూడ్డానికి వచ్చినవాళ్ళు తేయాకు తోటలు ఎప్పుడొస్తాయా అని చూస్తారు. మా కళ్ళు మాత్రం కొండని కోసిన చోట్ల మీద, రిటైనింగ్ గోడల మీద, కల్వర్టుల మీద, రోడ్డు పక్క కాలువ మీదే ఉన్నాయి. పని అలవాటు అలాంటిది. మాలో అందరికన్నా చిన్నవాడు అడిగాడు: "అన్నా, ఇంత రోడ్డు మిషన్లు లేని కాలంలో ఎవరేశారు?" ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. తిరిగొచ్చాక చదివి, పెద్దవాళ్ళని అడిగి తెలుసుకున్నది ఈ సంచికలో మీకు చెబుతున్నాం.

కామెరాన్ హైలాండ్స్ పహాంగ్ రాష్ట్రంలో ఒక చిన్న జిల్లా, విస్తీర్ణం సుమారు 712 చదరపు కిలోమీటర్లు. రింగ్లెట్, తానా రాతా, బ్రిన్‌చాంగ్ ముఖ్యమైన ఊళ్ళు. తానా రాతా సముద్రమట్టానికి 1,400 మీటర్ల పైన ఉంటుంది, అంటే మన హార్స్‌లీ హిల్స్ కన్నా ఎత్తు. కింద తాపాలో చెమటలు కారుతుంటే పైన స్వెట్టర్ కావాలి. ఈ కొండల్లో ఎప్పటినుంచో ఉన్నవాళ్ళు సెమాయ్ అనే ఒరాంగ్ అస్లీ జనం. అడవి దారులు, వాగులు, వేట అన్నీ వాళ్ళకి తెలుసు. కాబట్టి ఫలానా దొర ఈ చోటు కనిపెట్టాడని చదివినప్పుడు, అప్పటికే అక్కడ మనుషులున్నారని గుర్తుంచుకోవాలి.

1885లో విలియం కామెరాన్ అనే సర్వేయర్ ఈ వైపు సర్వేకి వచ్చి, కొండల మధ్య చదునైన నేల చూశానని చెప్పాడు. మరుసటి ఏడాదే చనిపోయాడు. ఆ చోటు ఎక్కడుందో సరిగ్గా చూపించే మ్యాపు మాత్రం మిగల్లేదు. తర్వాత నలభై ఏళ్ళపాటు పెద్దగా ఏమీ జరగలేదు. 1925లో జార్జ్ మాక్స్‌వెల్ అనే బ్రిటిష్ అధికారి వచ్చి చూసి, ఎండకి తాళలేని దొరలకి ఇది మంచి విడిది అవుతుందని తేల్చాడు. విడిది కావాలంటే ముందు రోడ్డు కావాలి కదా.

తాపా నుంచి రోడ్డు పని 1926లో మొదలైంది. తానా రాతా దాకా సుమారు 60 కిలోమీటర్లు. పూర్తయ్యేసరికి 1931 వచ్చింది. పని జోరుని బట్టి ఒకప్పుడు 500 మంది, ఒకప్పుడు 3,000 మంది దాకా పనిచేశారు. పని దశలవారీగా సాగింది: సామాను ముందుకి చేర్చడం, కొంత దూరం దారి కోయడం, మళ్ళీ అక్కడి నుంచి ముందుకి కదలడం. రాయి పగలగొట్టడం, మట్టి మోయడం, చెట్లు కొట్టడం చాలావరకు చేతులతోనే.

వాళ్ళని అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టింది రాయి కాదు, చలిజ్వరం. 1928 మొదట్లో పనివాళ్ళలో దాదాపు నాలుగో వంతు మంది మలేరియాతో మంచాన పడ్డారు. నలుగురు ఉండే ముఠాలో ఒకడు లేవలేకపోతే ఆ రోజు పని ఎలా ఉంటుందో మనకి చెప్పక్కర్లేదు.

దోమలు మురికి నీళ్ళలోనే పెరుగుతాయని మన దగ్గర ఒక మాట ఉంది. మలయా కొండల్లో సంగతి వేరు. అక్కడ మలేరియా మోసే అనాఫిలిస్ మాక్యులేటస్ అనే దోమకి ఎండ పడే తేటనీటి ఊటలు, చిన్న వాగులు కావాలి. దట్టమైన అడవి నీడలో అది పెరగదు. చెట్లు కొట్టి, కొండ కోసి, వాగు మీద ఎండ పడేలా చేయగానే పెరుగుతుంది. అంటే రోడ్డు పనే ఆ దోమకి ఇల్లు కట్టిపెట్టింది. ఈ సంగతిని మలయా తోటల్లో ఏళ్ళ తరబడి చూసి చెప్పినవాడు మాల్కం వాట్సన్ అనే డాక్టరు. ఆయన 1901లోనే క్లాంగ్ పట్టణంలో నీళ్ళు నిలవకుండా కాలువలు తీయించి మలేరియా తగ్గించాడు. దోమకీ మలేరియాకీ సంబంధం ఉందని రొనాల్డ్ రాస్ కనుక్కున్నది అంతకు నాలుగేళ్ళ ముందు, 1897లో, మన సికింద్రాబాద్‌లో. మన ఊళ్ళో తెలిసిన సంగతి సముద్రం దాటి ఇక్కడి కూలీల ప్రాణాలకి పనికొచ్చింది.

ఆ రోజుల్లో మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉన్నది ఈ కొండల్లో కాదు, కింద పెరాక్ తీరంలో, బాగాన్ దతో వైపు కొబ్బరి తోటల్లో. విశాఖ, గోదావరి వైపుల నుంచి ఓడల్లో వచ్చినవాళ్ళు. కొండ మీద తేయాకు తోటల్లో ఎక్కువమంది తమిళులు. 1929లో, రోడ్డు ఇంకా పూర్తి కాకముందే, జె. ఎ. రస్సెల్ అనే ఆయన బోహ్ తోట మొదలుపెట్టాడు. కూలీలు, కంచర గాడిదలు, ఒక స్టీమ్ రోలర్ పెట్టుకుని అడవి కొట్టించాడు. చైనా వాళ్ళు కూరగాయల తోటలు వేశారు. 1938లో భారత ప్రభుత్వం కూలీలను మలయాకి పంపడం ఆపేసింది. ఇప్పుడు ఆ తోటల్లో ఆకు కోసేవాళ్ళు, క్యాబేజీ మూటలు ఎత్తేవాళ్ళు చాలావరకు బంగ్లాదేశ్, నేపాల్, మయన్మార్, ఇండోనేషియా నుంచి వచ్చినవాళ్ళు. మనుషులు మారారు, పని మారలేదు.

రోడ్డు వచ్చాక కరెంటు వచ్చింది. 1960ల మొదట్లో రింగ్లెట్ దగ్గర సుల్తాన్ అబూబకర్ డ్యామ్ కట్టి, కొండలో సొరంగాలు తవ్వి నీళ్ళని కిందికి దించి కరెంటు తీశారు. కానీ పైన తోటల కోసం, బిల్డింగుల కోసం వాలులు కోసేకొద్దీ వానకి మట్టి జారి డ్యామ్‌లో చేరింది. నీళ్ళు నిలవాల్సిన చోట బురద నిండింది. 2013 అక్టోబర్ 23 తెల్లవారుజామున భారీ వానకి డ్యామ్ నీళ్ళు వదిలితే కింద బెర్తాం వ్యాలీలో బురద వరద వచ్చింది. ఇళ్ళు, కార్లు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. మేము డిప్లొమాలో మొదట నేర్చుకున్న పాఠం ఇదే: కొండ కోసే ముందు నీళ్ళకి దారి చూడు. ఆ దారి చూడకపోతే 1928లో దోమలొచ్చాయి, 2013లో బురదొచ్చింది. రెండుసార్లూ దెబ్బ తగిలింది కింద ఉన్నవాళ్ళకే.

ఇది పాత కథ అనుకోకండి. రెండేళ్ళ కిందట మేము పనిచేసిన ఒక సైటులో లిఫ్ట్ గుంతలో నీళ్ళు నిలిచి ఉంటే తోడించమని మూడుసార్లు చెప్పాం. స్లాబు అయ్యాక చూద్దాం అన్నారు. రెండు వారాల్లో క్వార్టర్స్‌లో ఆరుగురికి డెంగ్యూ వచ్చింది. స్లాబు ఎలాగూ ఆగింది. పంపు పెట్టి తోడితే ఒక పూట పని. అది చెయ్యనందుకు పది రోజుల పని పోయింది, మనవాళ్ళు ఆస్పత్రి పాలయ్యారు. పనివాడి ఆరోగ్యం యజమాని దయ కాదు, అది పనిలో భాగం. సూపర్వైజర్లం మేము కూడా ఇది మర్చిపోకూడదు. మూడుసార్లు చెప్పి ఊరుకున్నాం, నాలుగోసారి పంపు మేమే తెప్పించాల్సింది.

అప్పటివాళ్ళకి లేనివి మనకి కొన్ని ఉన్నాయి. మలేషియాలో పనివాళ్ళ వసతికి 1990 నాటి చట్టం ఉంది. 2019లో సవరించాక అది మన సైటు క్వార్టర్స్‌కీ వర్తిస్తుంది. మనిషికి ఇంత చోటు, నీళ్ళు, మరుగుదొడ్డి ఉండాలి, వసతికి ప్రభుత్వ సర్టిఫికెట్ ఉండాలి. 2019 జనవరి నుంచి విదేశీ పనివాళ్ళకి కూడా పెర్కెసో బీమా వచ్చింది, పనిలో దెబ్బ తగిలితే వర్తిస్తుంది. మీ పేరు కట్టారో లేదో అడగండి. అడగడం తప్పు కాదు.

ఇంకొక్క మాట. ఆ జిల్లాకి సర్వేయర్ పేరు పెట్టారు. అధికారి పేరు పుస్తకాల్లో ఉంది. రోడ్డు కోసినవాళ్ళు మాత్రం 500 అనీ 3,000 అనీ లెక్కగానే మిగిలారు. అందుకే మీ ఫోన్‌లోనో, ఒక నోటుబుక్కులోనో, మీ సైటులో మీతో పనిచేసేవాళ్ళ పేరు, ఊరు, పనిలో చేరిన తేదీ రాసి పెట్టుకోండి. రేపు ఎవరికైనా ఏమైనా అయితే నష్టపరిహారానికి అది ఆధారం అవుతుంది. ఏమీ కాకపోతే ఈ బిల్డింగ్ మేం కట్టాం అని పిల్లలకి చూపించుకోవచ్చు. మేము పన్నెండు మందిమీ ఆ వ్యాన్‌లో తిరిగొస్తూనే మొదలుపెట్టాం.