డెబ్బయ్యేళ్లకు వచ్చిన జవాబు

క్రీ.శ. 248 ప్రాంతం. పాలస్తీనా సముద్రతీరాన కైసరయ పట్టణం. అరవై దాటిన క్రైస్తవ పండితుడు ఓరిజెన్ గదిలో పచార్లు చేస్తూ చెప్పుకుపోతున్నాడు. కింద కూర్చున్న లేఖకుడు షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుంటున్నాడు. ఉన్నట్టుండి అతని చెయ్యి ఆగింది.

"అయ్యా, ఈ మాటలు కూడా రాయాలా? ప్రభువును ఇంతలేసి మాటలన్నాడే ఈయన!"

"రాయి నాయనా. ఒక్క ముక్క వదలొద్దు. ఆయన ఏమన్నాడో దాచిపెట్టి మనం చెప్పేది జవాబెలా అవుతుంది?"

ఈ లేఖకుడూ, ఈ సంభాషణా నా ఊహ. ఇకపై సెల్సస్‌వీ, ఓరిజెన్‌వీ అని చెప్పే వాదనలు మాత్రం ఆనాడు ఆయన రాయించిన 'సెల్సస్‌కు సమాధానం' అన్న గ్రంథంలోనివే.

సెల్సస్ గ్రీకు తత్వశాస్త్రం ఔపోసన పట్టిన పండితుడు. 178 ప్రాంతంలో క్రైస్తవాన్ని ఖండిస్తూ 'సత్యవాక్కు' అనే పుస్తకం రాశాడు. ఓరిజెన్ చేతికి అది వచ్చేనాటికి సెల్సస్ ఏనాడో పోయాడు. పోయినవాడి పుస్తకానికి జవాబెందుకని ఓరిజెన్‌కు మొదట మనసొప్పలేదు. అబద్ధ సాక్షుల ముందు యేసు మౌనంగా నిలబడ్డాడు, శిష్యుల బతుకులే ఆయన పక్షాన మాట్లాడతాయి, అది చాలదా అన్నది ఆయన భావం. జవాబు రాయమని అడిగిన అంబ్రోస్ మాత్రం పట్టు వదల్లేదు. ఒకప్పుడు వేరే బోధలో తిరిగి, ఓరిజెన్ మాట విని సంఘంలోకి వచ్చిన సంపన్నుడాయన. లేఖకులకు జీతాలిచ్చి పోషించిందీ ఆయనే. విశ్వాసం ఇంకా గట్టిపడని వాళ్ల కోసమైనా రాయక తప్పదని ఓరిజెన్ చివరికి ఒప్పుకున్నాడు.

సెల్సస్ దెబ్బ సూటిగా పునరుత్థానం మీదే పడింది. చచ్చి తిరిగొచ్చిన కథలు మాకు కొత్తా అన్నాడు. జమోల్క్సిస్, పైథాగరస్ వంటి వాళ్ల పేర్లు ఏకరువు పెట్టాడు. అయినా చూసిందెవరు, మతి చలించిన ఒక ఆడమనిషీ, ఆమెలాంటి మరొకరూ కాదా? కలగని ఉంటారు, లేదా కోరుకున్నదే కళ్లకు కట్టి ఉంటుంది, కాదంటే నలుగురినీ నివ్వెరపరచడానికి అల్లి ఉంటారు. నిజంగా లేచినవాడైతే తీర్పు చెప్పిన అధికారికీ, హింసించిన శత్రువులకూ ఎందుకు కనబడలేదు?

ఇవాళ పునరుత్థానం మీద అడిగే ప్రశ్నల్లో చాలావాటిని సెల్సస్ అప్పుడే అడిగేశాడు.

ఓరిజెన్ ఒక్కొక్క ముడీ విప్పాడు. ఆ పాత కథల్లోని వాళ్లు ఎక్కడో దాక్కుని, కొన్నాళ్లకు బయటికొచ్చి చచ్చి బతికామని చెప్పుకోవచ్చు. యేసు ప్రాణం విడిచింది యెరూషలేము జనమంతా చూస్తుండగా, సిలువ మీద. ఇక్కడ దాగుడుమూతలకు చోటేది? మొదట చూసిన మగ్దలేనే మరియకు మతి చలించిందని ఏ సువార్తలోనూ లేదు. పట్టపగలు, మెలకువగా ఉన్నవాళ్లు చూసినదాన్ని కల అనడం కుదరదు కాబట్టే సెల్సస్ ఆమెకు పిచ్చి అంటగట్టాడని ఓరిజెన్ పట్టేశాడు. దీనికి నేనొక మాట కలుపుతాను. స్త్రీ సాక్ష్యానికి పెద్దగా విలువివ్వని ఆ సమాజంలో, కథ అల్లేవాడు మొదటి సాక్షిగా స్త్రీని నిలబెట్టుకోడు.

ఓరిజెన్ వాదానికి గుండెకాయ మరొకటి. శిష్యులే దీన్ని అల్లి ఉంటే, అది అబద్ధమని అందరికన్నా ముందు తెలిసేది వాళ్లకే. అలాంటి అబద్ధం కోసం ప్రాణాలకు తెగించి ఊరూరా ప్రకటిస్తారా? నమ్మినదాని కోసం ప్రాణమిచ్చినవాళ్లు అన్ని మతాల్లోనూ ఉన్నారని ఇవాళ ఎవరైనా అనవచ్చు, నిజమే. అయితే ఎవరో చెప్పింది నమ్మి చనిపోవడం వేరు, తానే పుట్టించిన కల్ల కోసం చనిపోవడం వేరు. పైగా పేతురు ప్రభువును ఎరగనని బొంకిన సంగతి దాచకుండా రాసుకున్నవాళ్లు, కథలో తమ పరువు కాపాడుకునే మనుషులు కారు.

ప్రాణాలకు తెగించిన శిష్యుల మాట చెబుతున్నప్పుడు ఓరిజెన్ గొంతు వణికి ఉంటుందనుకుంటాను. 202లో అలెగ్జాండ్రియలో ఆయన తండ్రి లియోనిడెస్ విశ్వాసం కోసం ప్రాణం విడిచాడు. అప్పటికి ఓరిజెన్‌కు పదిహేడేళ్లు నిండలేదు. తానూ హతసాక్షినవుతానని బయల్దేరితే తల్లి బట్టలు దాచేసి ఇల్లు కదలనివ్వలేదు. మా గురించి ఆలోచించి మనసు మార్చుకోవద్దని చెరసాలలోని తండ్రికి ఉత్తరం రాసిన కొడుకాయన.

తీర్పు చెప్పిన పిలాతుకు ఎందుకు కనబడలేదన్న ప్రశ్నకు ఆయనిచ్చిన జవాబు వేరు. లేచిన ప్రభువును చూసి తట్టుకునే శక్తి అందరికీ లేదన్నాడు. కొండ మీద ఆయన రూపం మారినప్పుడు కూడా వెంట ఉన్నది ముగ్గురే కదా అన్నాడు. సందేహించేవాణ్ణి ఒప్పించడానికి ఇది చాలదని నా అభిప్రాయం. అంతకన్నా బలమైన జవాబు పౌలులో ఉంది. సంఘాన్ని వేధించిన శత్రువుకే ప్రభువు కనబడ్డాడు. అదే పౌలు కొరింథీయులకు రాస్తూ, ఐదువందల మందికి పైగా సహోదరులు ప్రభువును చూశారనీ, వాళ్లలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారనీ చెప్పాడు. వెళ్లి అడిగేవాళ్లకు ఆనాడు దారి తెరిచే ఉంది.

గ్రంథం ఎనిమిది సంపుటాలకు పెరిగింది. తర్వాత రెండేళ్లకే చక్రవర్తి డెసియస్ హింస మొదలుపెట్టాడు. ఓరిజెన్‌ను పట్టుకెళ్లి, మెడకు ఇనుపపట్టీ బిగించి, కాళ్లు బొండలో నాలుగో రంధ్రం దాకా లాగి వేశారు. నిప్పుతో బెదిరించారు. ప్రాణం పోకుండా చూస్తూ బాధించాడు న్యాయాధికారి. ఆయన లొంగలేదు. డెసియస్ పోయాక బయటపడ్డాడు గానీ, ఎంతో కాలం బతకలేదు. చనిపోయేనాటికి వయసు 69.

సెల్సస్ పుస్తకానికి ఒక్క ప్రతి కూడా నేడు మిగల్లేదు. ఓరిజెన్ తన జవాబులో మాటకు మాటగా ఎత్తి రాయించినంత మేరకే అది మనకు దక్కింది. సెల్సస్ వాదన ఏమిటో వినాలనుకునే పాఠకుడు ఇవాళ కూడా ఓరిజెన్ గ్రంథమే తెరవాలి.