కంటకసెల మండపము: బోధిశ్రీ స్మరించిన సంతానము

కృష్ణానది సాగరాన్ని చేరే ప్రాంతంలోని ఘంటసాల పూర్వకాలంలో కంటకసెల అనే రేవుపట్టణం. క్రీ.శ. 2వ శతాబ్దికి చెందిన గ్రీకు భూగోళవేత్త టాలెమీ దీనిని వర్తకకేంద్రంగా పేర్కొన్నాడు. ఇక్కడి మహాచైత్యానికి తూర్పు ద్వారం వద్ద శిలామండపాన్ని నిర్మింపజేసినది ఒక గృహిణి. ఆమె పేరు బోధిశ్రీ.

ఈ విషయాన్ని తెలిపే ప్రాకృత శాసనం నాగార్జునకొండలో లభించింది. అది ఇక్ష్వాకు ప్రభువు మాఠరీపుత్ర వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరం నాటిది, అనగా క్రీ.శ. 3వ శతాబ్ది నాటిది. శ్రీపర్వతంపై చైత్యగృహము, పూర్వశైలంలో తటాకము, కంటకసెలలో శిలామండపము మొదలైన ధర్మకార్యాలన్నీ ఆమె పేరనే అందులో నమోదయ్యాయి. శాసనం ఆమెను ఉపాసిక అంటున్నది.

తన దానఫలంలో భాగస్వాములుగా బోధిశ్రీ బంధువులను పేరుపేరునా స్మరించింది. భర్త, అత్తమామలు, మరుదులు, ఆడపడుచు ఒకవైపు. తాత, అమ్మమ్మ, మేనమామలు, తల్లిదండ్రులు, సోదరుడు, సోదరీమణులు మరొకవైపు. మెట్టినింటిని చేరినందున పుట్టినిల్లు పరాయిది కాలేదు. పిదప తన సంతానాన్ని పేర్కొంటూ ముందుగా కుమార్తె వీరన్నికను, తరువాత కుమారులు నాగన్న, వీరన్నలను, ఆపై కోడళ్లను తలచింది. వీరన్న, వీరన్నిక అనే రెండు నామాలకూ మూలం ఒక్కటే. భేదం ప్రత్యయంలో మాత్రమే ఉన్నది. వీరత్వవాచకమైన శబ్దాన్ని పుత్రునికి మాత్రమే పరిమితం చేయక, పుత్రికకూ సమానంగా ఇచ్చారు.

ఇంతమాత్రాన ఆ కాలాన్ని సంపూర్ణ సమతాయుగంగా భావించరాదు. రాజులు మాఠరీపుత్రులమని, వాసిష్ఠీపుత్రులమని మాతృనామంతో ప్రసిద్ధి పొందినా సింహాసనం పురుషులదే. అయినను ఒక తల్లి తన ధర్మఫలాన్ని పంచే వేళ సంతానంలో హెచ్చుతగ్గులు చూడలేదన్నది శిలాక్షరాలలో నిలిచిన సత్యం.

వైదిక వాఙ్మయంలోనూ ఈ భావనకు ఆధారం ఉన్నది. బృహదారణ్యకోపనిషత్తు షష్ఠాధ్యాయం, విదుషియైన పుత్రికను కోరే దంపతులు నేతితో కలిపిన తిలౌదనాన్ని భుజించాలని విధిస్తున్నది. వెనువెంటనే విద్వాంసుడైన పుత్రుని కోరేవారికి వేరొక విధి చెప్పబడింది. ఇరువురికీ శ్రుతి వాడిన విశేషణం పాండిత్యవాచకమైన ఒకే శబ్దం. అయితే ఆదిశంకరుల భాష్యం, స్త్రీలకు వేదాధికారం లేదన్న నాటి నిర్ణయాన్ని అనుసరించి, పుత్రిక పాండిత్యాన్ని గృహకృత్యాలకు పరిమితం చేసింది. శ్రుతి ఆ పరిమితిని పేర్కొనలేదు. అదే ఉపనిషత్తులో గార్గి యాజ్ఞవల్క్యుని నిండు సభలో ప్రశ్నించిన వృత్తాంతమూ ఉన్నది.

ఈ అంతరం నేటి గృహాలకూ వర్తిస్తుంది. "ఆడపిల్లవు, నీకెందుకు?" అన్న మాట కుమార్తె జిజ్ఞాసను అణచివేస్తుంది. "మగవాడివి, ఏడవకు" అన్న మాట కుమారుని కరుణను ఎండగడుతుంది. "ఆడ" అన్న పదాన్ని "అక్కడ" అనే అర్థంలో తీసుకొని కుమార్తె పరాయింటి పిల్ల అని చమత్కరించడం పరిపాటి. ఉభయకులాలనూ ఒకే శాసనంలో నిలిపిన బోధిశ్రీ దృష్టిలో ఆ చమత్కారానికి స్థానం లేదు. ఆత్మకు స్త్రీపుంభేదం లేదని వేదాంతం బోధిస్తుండగా, ఆ ఆత్మ ధరించిన దేహాన్ని బట్టి శిశువుకు గౌరవాన్ని తగ్గించడం సాధకునికి తగదు.

ఘంటసాలలోనే వెలసిన బాలపార్వతీసమేత జలధీశ్వరస్వామి ఆలయంలో శివపార్వతులు ఒకే పీఠంపై పూజలందుకొంటున్నారు. ఆ ఏకపీఠానికి నమస్కరించి గృహానికి మరలిన భక్తుడు, తన కుమార్తెకూ కుమారునికీ ఒకే పంక్తిలో అన్నం, ఒకే శ్రద్ధతో విద్య, ఒకే ఆదరంతో సమాధానం ఇచ్చిననాడు ఆ పూజ పరిపూర్ణమవుతుంది.