పురపాలనమును చాటు పైరవియు

పురపాలక సభ్యుని యొద్దకుఁ బోయి తన వీథికి దీపము వేయింపుమని కోరుట పౌరునకు దోషము గాదు. ఆ కోరిక నలుగు రెఱుఁగక చెప్పఁబడి, వెనువెంట ధనము చేతులు మాఱినపుడే చిక్కు పుట్టుచున్నది. దీనినే మనవారు పైరవి యందురు. మన పురపాలక సంఘములకు ఒరవడి పెట్టిన ఇంగ్లీషువారి నగరసభలలో నిది యెట్లు బయల్పడెనో చదువరులు తెలిసికొనఁదగిన చరిత్రము.

అచ్చటి మొదటి తగవు సభాద్వారమును గూర్చినది. వేల్సులోని టెన్బీ యను చిన్న పట్టణపు నగరసభవారు స్థానిక పత్రికాసంపాదకుని సమావేశములకు రానీయకుండిరి. వ్యాజ్యమున న్యాయస్థానము సభవారి పక్షమే వహించెను. అందుపై 1908లో పత్రికలవారికిఁ బ్రవేశ మొసఁగు చట్టము వచ్చెను. 1960లో నా హక్కు సామాన్య ప్రజలకును లభించెను. (ఆ బిల్లును తెచ్చిన క్రొత్త సభ్యురాలు తరువాత ప్రధానమంత్రిణి యైన మార్గరెట్ థాచరు.) ద్వారము తెఱవఁబడెను, నిర్ణయము మాత్రము వెలుపలనే జరిగిపోవుచుండెను.

జాన్ పౌల్సన్ యార్కుషైరులోని పాంటిఫ్రాక్టున భవనముల నమూనాలు గీయువాఁడు. యుద్ధానంతరము ప్రతి నగరమును ఇండ్లును పాఠశాలలును కట్టించుచుండిన కాలమది. న్యూకాసిల్ నగరసభకు నాయకుఁడుగ నుండిన టి. డాన్ స్మిత్ కేవలము దుష్టుఁడని త్రోసివేయ వీలుగానివాఁడు. మురికివాడలు తొలఁగించి నగరమును క్రొత్తగ నిర్మింపఁ గోరినవాఁడు. అట్టివాఁడే ప్రచారసంస్థలను నెలకొల్పి, పౌల్సనుచే ధనము గైకొని, నానా పట్టణముల సభ్యులను సలహాదారులను పేర జీతమిచ్చి పెట్టుకొనెను. పౌల్సనునకుఁ బని దొరకునట్లు వారు తమతమ సభలలో మాట సాయము చేయవలెను. ఏడేండ్లలో స్మిత్తునకుఁ జేరినది సుమారు 1,56,000 పౌనులు. స్వలాభము గల సభ్యుఁడు దానిని సభలోఁ దెలిపి తొలఁగవలెనని 1933 నాఁటి చట్టము విధించియే యుండెను. తెలుపనివాఁడు ఎవరి జీతగాఁడో జనులు తెఱచి చూడఁదగిన పుస్తక మొక్కటియు లేకుండెను.

నగరసభల మెలకువచే నిది బయటఁబడలేదు. 1972లోఁ బౌల్సను దివాలా తీసెను. ప్రతి యుత్తరమును భద్రపఱచుట యతని యలవాటు. వేక్‌ఫీల్డు న్యాయస్థానమున ఋణదాతల పక్షమున నా కాగితములు బహిరంగముగఁ బరిశీలింపఁబడఁగా దేశము నివ్వెఱపోయెను. అతని వ్యాపారముతో సంబంధము గల హోము మంత్రి రెజినాల్డు మాడ్లింగు పదవి వదలుకొనెను. 1974లోఁ బౌల్సనును స్మిత్తును చెఱసాలకుఁ బోయిరి. ఋణదాత లడిగిన లెక్కను పన్నుచెల్లించు పౌరు లేల యడుగలేకపోయిరి?

ఆ యేఁడే యొక సంఘము సభ్యుల ఆర్థిక సంబంధములకుఁ బట్టిక యుండవలెనని చెప్పెను. 1989 వఱకుఁ జట్టము దానికిఁ ద్రోవ చూపలేదు. ఆ పట్టికయైనను సభ్యునికేమి కలదో చెప్పునే కాని, యెవరు వచ్చి పోయిరో చెప్పదు. కెనడాలోని టొరంటో నగరము, తానును కంప్యూటర్ల కౌలు వ్యవహారమున దెబ్బతిని, 2008 నుండి పైరవికారుఁ డెవరి పక్షమున నే విషయమై యెవరిని కలిసికొనునో బహిరంగ పట్టికలో వ్రాయించుచున్నది. బ్రిటిషు పార్లమెంటును 2014లోఁ బైరవికారుల పట్టికకై చట్టము చేసినది. అది మంత్రులను, శాఖల ప్రధాన కార్యదర్శులను కలిసికొనువారికే వర్తించును. పౌల్సను కథ నడచిన నగరసభల సభ్యుల ఊసు దానిలో లేదు.