పానకంలో పప్పు

గద్వాల బజారులో ఒక కిరాణా కొట్టు ముందు నిలబడండి. ఎండాకాలం. పొద్దున తొమ్మిదన్నా కాలేదు, రేకుల కింద అప్పుడే వేడి పుట్టింది. మూతి మడిచిన గోనెసంచిలో నల్లబెల్లం ముద్దలున్నాయి. వేలితో నొక్కితే మెత్తగా దిగుతుంది, వేలు తీస్తే జిగటగా సాగుతుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాడిన చెరుకు పాకం వాసన. రెండు కిలోలు అడిగితే కొట్టాయన మాట్లాడకుండా తూచి ఇస్తాడు. ఇరవై కిలోలు అడగండి, తక్కెడ మీది చెయ్యి ఆగిపోతుంది.

"ఇంత బెల్లం ఏంటికి సారూ?"

అడగక తప్పదు ఆయనకు. ఆబ్కారీ వాళ్లు నాటుసారా కేసు పట్టుకున్నప్పుడల్లా జాబితాలో మొదట నల్లబెల్లం, తర్వాత పటిక ఉంటాయి. ఆ బెల్లం ఎవరి దగ్గర కొన్నారన్న ప్రశ్న తిరిగి తిరిగి కొట్టు గడప దగ్గరికే వస్తుంది. బెల్లం మీద కన్ను పడ్డాక సారా కాచేవాళ్లు కొందరు చక్కెరకు మారారు. అందుకే ఇప్పుడు పేపర్లలో సారాకు పులియబెట్టే బెల్లం పానకం పక్కన చక్కెర పానకం అని కూడా కనిపిస్తోంది. ఈ మార్పు చిన్నది కాదు. తెల్ల చక్కెరలో తీపి తప్ప ఇంకేమీ లేదు.

"పొలానికి" అనండి. ఆయన మొహం తేలికపడుతుంది. "జీవామృతానికా? అట్ల జెప్పండ్రి మరి."

ఆ బెల్లంతోనే ఎర్రవల్లి చౌరస్తాకు వచ్చి 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కండి. బీచుపల్లి దగ్గర వంతెన కింద కృష్ణ సన్నగా, బండల మధ్య పాయలుగా పారుతోంది. పెబ్బేరు దాటి వనపర్తి వైపు తిరిగితే ఎర్రనేలలు మొదలవుతాయి. పల్లి పండే నేలలివి.

చేను గట్టున వేపచెట్టు నీడలో 200 లీటర్ల నీలం డ్రమ్ము ఉంది. అందులో నిన్న పొద్దున కలిపిన జీవామృతం. పక్కనే ఖాళీ డ్రమ్ములో ఇంటామె ఈ రోజుది కలుపుతోంది. నాటు ఆవు పేడ 10 కిలోలు, మూత్రం 10 లీటర్లు, మీరు తెచ్చిన బెల్లంలో 2 కిలోలు. తర్వాత ఉలవపిండి, అదీ 2 కిలోలే. చివరికి గట్టు మీది మన్ను గుప్పెడు. పిండి నీళ్లలో పడగానే ఉండ కడుతుంది. ఆమె మోచేతి దాకా చెయ్యి ముంచి ఒక్కో ఉండనూ వేళ్ల మధ్య చిదుముతోంది. తొందర లేదు. చిదమని ఉండ లోపల పొడిగానే ఉండి కుళ్లిపోతుందని ఆమెకు తెలుసు.

"పిండి ఎయ్యకపోతే ఏమైతదక్కా?"

"బెల్లం ఒక్కటే ఏస్తే ఊకె పుల్లగైతది సారూ. బలముండదు."

నిన్నటి డ్రమ్ము మీదికి వంగండి. గోధుమరంగు నురగ అంచుల దాకా వచ్చింది. బుడగలు పైకొచ్చి సన్నగా చిట్లుతున్నాయి. పేడ వాసన పోయి, మజ్జిగకు దగ్గరగా ఉండే పులుపు వాసన వేస్తోంది. 48 గంటలు నిండాక ఇది ఒక ఎకరానికి పారించే నీళ్లలో కలుస్తుంది. ప్రకృతి వ్యవసాయ ప్రచారకుడు సుభాష్ పాలేకర్ చెప్పిన ఈ పద్ధతిలో బెల్లం, పప్పుల పిండి రెండూ సూక్ష్మజీవుల మేతే. బెల్లం వాటికి శక్తినిస్తుంది. కానీ ఒకటి రెండై, రెండు నాలుగై పెరగాలంటే ఒంటికి మాంసకృత్తులు కావాలి, వాటికి నత్రజని కావాలి. బెల్లంలో అది నామమాత్రం, ఉలవల్లో మాంసకృత్తులే ఐదో వంతుకు పైగా ఉంటాయి. ఉట్టి అన్నం పెట్టి పిల్లల్ని పెంచలేము కదా, పప్పు కూడా కలపాలి. డ్రమ్ములోనూ జరిగేది అదే.

ఈ సంగతి మన పెద్దలకు ఏనాటి నుంచో తెలుసు. కౌటిల్యుడి అర్థశాస్త్రం రెండో అధికరణంలో సురాధ్యక్షుడి గురించి ఒక అధ్యాయం ఉంది. మద్యం పులియడానికి వేసే తోడును అందులో కిణ్వం అన్నాడు. అది దేనితో చేయాలో కొలతలతో సహా చెప్పాడు: ద్రోణం మినపముద్ద, పచ్చిదైనా ఉడికించినదైనా సరే, దానికి మూడో వంతు ఎక్కువగా బియ్యం, కర్షమెత్తు చొప్పున మోరట మొదలైన మూలికలు. ఆ పక్కనే మైరేయం అనే మద్యానికి మేషశృంగి బెరడు కషాయమూ బెల్లమూ చెప్పాడు. తీపికి బెల్లం, ఒగరుకు బెరడు, తోడుకు పప్పు. నాటుసారా పానకంలో తుమ్మచెక్క వేయడం ఎంత పాత అలవాటో ఆ అధ్యాయం చదివితే తెలుస్తుంది. మినుములు మాత్రం ఆ డ్రమ్ములోంచి ఎప్పుడో జారిపోయాయి.

పప్పుతో ఒక చిక్కుంది. ఈస్ట్ పప్పులోని మాంసకృత్తులను నేరుగా తినలేదు. ముందు ఎవరో వాటిని విడగొట్టి పెట్టాలి. మొలకెత్తితే గింజే ఆ పని చేసుకుంటుంది. పులిసిన ముద్దలోనైతే బూజు, బాక్టీరియా చేస్తాయి. దేనికైనా సమయం కావాలి. అంత ఓపిక లేనిచోట డ్రమ్ములో ఏం పడుతుందో చూడాలంటే నల్లమల అంచుకు పోవాలి.

నాగర్‌కర్నూల్ మీదుగా అచ్చంపేట దాటాం. మన్ననూరు ఘాటు ఇంకా ముందే ఉంది. రోడ్డు దిగి వాగు వెంట నడుస్తున్నాం. ముందు ఆబ్కారీ ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్లు, వెనక మనం. ఇప్పచెట్ల కింద రాత్రి రాలిన పువ్వు ఇంకా మిగిలి ఉంది. లేతపసుపు రంగు, ముట్టుకుంటే కండగా ఉంటుంది. వాగు మలుపు దగ్గర గాలి మారుతుంది. తీపీ పులుపూ కలిసిన బరువైన వాసన గొంతులోకి దిగుతుంది. ఈగల రొద వినిపిస్తుంది. ఇసుకలో మెడదాకా పాతిన నాలుగు డ్రమ్ములు, పైన రొట్ట.

కానిస్టేబుల్ ప్లాస్టిక్ కాగితం ఎత్తగానే లోపలికి వంగి చూడబోయారో, ముక్కులో సూది గుచ్చినట్టవుతుంది, దగ్గు వస్తుంది. అది బొగ్గుపులుసు వాయువు. 100 గ్రాముల గ్లూకోజ్ పులిస్తే 51 గ్రాములు ఆల్కహాలు, 49 గ్రాములు ఈ వాయువు. తీపిలో దాదాపు సగం గాలిలో కలిసిపోతుంది. డ్రమ్ము గోడ మీద చెయ్యి పెట్టండి, గోరువెచ్చగా తగులుతుంది. ఆ వేడి ఎండది కాదు, లోపలి పులుపుది. నురగలో నల్లని తుమ్మచెక్కలు తేలుతున్నాయి.

పొదలో ఒక కవరు దొరికింది. అందులో తెల్లటి గడ్డలున్నాయి, నవసాగరం. ఇది వేస్తే సారాకు కిక్కు ఎక్కువని తాగేవాళ్ల నమ్మకం. నిజానికి అది అమ్మోనియం క్లోరైడ్. దానిలోని నత్రజనిని ఈస్ట్ నేరుగా తీసుకుంటుంది, పానకం త్వరగా పొంగుతుంది. పప్పు నింపాదిగా చేసే పనిని ఈ ఉప్పు గబగబా చేసి పెడుతుంది, అంతే. కొన్నిచోట్ల ఆ పనికి యూరియా వేస్తారు. అది ఇంకా ఘోరం. యూరియా, ఆల్కహాలు కలిసి ఇథైల్ కార్బమేట్ ఏర్పడుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని 2007లో మనుషులకు బహుశా క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో, 2ఎ వర్గంలో చేర్చింది. సారా తాగి ఒక్క రాత్రిలో పదులమంది చచ్చిపోయే ఘటనల్లో సాధారణంగా కారణం ఎవరో కలిపిన పరిశ్రమల మిథనాల్. యూరియా వేసిన పానకం అలా వార్తల్లోకి రాదు. దాని దెబ్బ ఏళ్ల మీద తగులుతుంది, ఎవరూ లెక్క రాయరు.

గడ్డపార దిగింది. మొదటి డ్రమ్ము పొక్క లోంచి పానకం బుసబుసమంటూ ఇసుకలోకి పారుతోంది. గట్టు మీద ఒకామె నిలబడి చూస్తోంది. పారిపోలేదు.

"మా నాయినప్పుడు ఇప్పపువ్వు ఒక్కటే ఏస్తుండె సారూ" అంది మనవైపు తిరిగి. "పండుగకు, దేవునికి. గీ తెల్లరాయి మాకెర్కనే లేకుండె."

ఆమె మాటలో సబబుంది. ఇప్పపువ్వు తీపి ఒక్కటే తెచ్చుకోదు. కొంత మాంసకృత్తులు, ఖనిజాలు, రేకుల మీద అడవి ఈస్ట్ కూడా తెచ్చుకుంటుంది. దానికి పక్కనుంచి ఎవరూ ఏమీ వేయనక్కర్లేదు. ఆ పువ్వు ఏడాదికి ఒక్కసారి రాలుతుంది. చక్కెర రోజూ దొరుకుతుంది, గిరాకీ రోజూ ఉంటుంది. పండగనాటి సారా రోజువారీ గుడుంబా అయింది ఈ రెండిటి మధ్యనే అని నాకనిపిస్తుంది.

ఆ గుడుంబా ఎన్ని ఇళ్లు కూల్చిందో ఆడవాళ్లకే బాగా తెలుసు. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం 1992లో అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న ప్రభుత్వం సారాను నిషేధించింది. 1995 జనవరి 16న ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు, అది 1997లో సడలిపోయింది. తెలంగాణ వచ్చాక గుడుంబా కాయడం మానేసిన కుటుంబాలకు 2 లక్షల రూపాయల చొప్పున సాయం ఇచ్చారు. డ్రమ్ములు పగలగొట్టడం కన్నా అది మెరుగైన దారి అని నేను నమ్ముతాను. కాచే ఆడమనిషికి ఇంకో బతుకు చూపకుండా పానకం పారబోస్తే, ఇంకో వాగులో ఇంకో డ్రమ్ము లేస్తుంది.

మూడు డ్రమ్ములు అయిపోయాయి. నాలుగోదాని దగ్గరికి ఆమె దిగి వచ్చింది.

"గది ఒక్కటి పొక్కగొట్టకు సారూ. వంపి ఇయ్యి. నీళ్లు పట్టుకుంట."

ఎస్సై ఒక క్షణం ఆలోచించి తల అడ్డంగా ఊపాడు. నాలుగూ లెక్కలో రాశానన్నాడు. పంచనామా కాగితం మోకాలి మీద పెట్టుకుని రాస్తున్నాడు: పానకం పారబోశాం, నవసాగరం స్వాధీనం చేసుకున్నాం. రేపు పదకొండు గంటలకు తహసీల్దారు ఆఫీసుకు రావాలి, బైండోవర్ చేస్తారు, ఇద్దరు జామీనుదార్లు కావాలి అని చెప్పాడు.

"రేపు కూలికి ఒప్పుకున్న సారూ, ఎల్లుండొస్తే నడవదా?" అని ఆమె అడుగుతోంది.