శిస్తు మినహాయింపు, వన్యప్రాణి ఆవాసం: కర్నూలు, కడప మెట్టభూముల చరిత్రలో ఒక పరిశీలన

రాయలసీమ భూమిశిస్తు చరిత్రలో మినహాయింపు చాలా సందర్భాల్లో దయాధర్మం కాదు, ఒక పనికి ప్రతిఫలం. పాలకులు ఏ పనిని ప్రతిఫలార్హంగా ఎంచారు, దేనిని ఎంచలేదు అన్న ప్రశ్న రోళ్లపాడు గడ్డిభూములకూ లంకమల చిట్టడవులకూ కూడా వర్తిస్తుంది.

1800లో నిజాం నుంచి కంపెనీకి సంక్రమించిన దత్తమండలాలకు థామస్ మన్రో 1807 వరకు ప్రధాన కలెక్టరు. పొలాలను కొలిపించి శిస్తు నిర్ణయించిన ఆయనే, ఆ శిస్తు భారమని గ్రహించి 1807లో నూటికి 25 వంతులు తగ్గించాలని సిఫారసు చేశాడు. అది వెంటనే అమలు కాలేదు. (కడపకు వర్తించే ఈ చరిత్రను కర్నూలు నవాబు ఏలుబడిలోని ప్రాంతానికి యథాతథంగా అన్వయించరాదు. అది 1839లో గాని కంపెనీ పాలనలోకి రాలేదు.) రైత్వారీ లెక్కల్లో దున్నని నేల బంజరు. దానిని సాగులోకి తెచ్చేవారికి కౌలు పద్ధతిలో తొలి ఏళ్లలో తక్కువ శిస్తు, తరువాత క్రమంగా పెంపు. రాయితీ అంతా నాగలి వైపే మొగ్గింది. పశువులు మేసే, జింకలు తిరిగే, పక్షి నేలమీదే గుడ్డు పెట్టే గడ్డినేలకు ఆ లెక్కల్లో విలువ లేదు.

ఇందుకు భిన్నమైన సంప్రదాయం దశబంధం. విజయనగర శాసనాల్లో దశవందగా కనిపించే ఈ ఏర్పాటు ప్రకారం చెరువు గాని బావి గాని నిర్మించినవారికి, లేదా మరమ్మతు చేసినవారికి, ఆ నీటికింది భూమిలో కొంత మాన్యంగానో, శిస్తులో కొంత భాగంగానో దక్కేది. 1369 నాటి చెరువు శాసనం ఉన్న పోరుమామిళ్ల వంటి ఊళ్ల సీమలో ఇది సహజమే. నీరు పదిమందికి, మినహాయింపు ఒకరికి. కట్ట తెగకుండా చూడడం ఆ ఒకరి బాధ్యత. బాధ్యత విస్మరిస్తే మాన్యాన్ని తిరిగి తీసుకోవచ్చు. మినహాయింపును షరతుతో ముడివేసిన ఈ ఒప్పందాన్ని కేవలం ఇనాముల చరిత్రలో ఒక ఉపశీర్షికగా వదిలేయడం సరికాదు.

1988లో రోళ్లపాడు అభయారణ్యం సుమారు 614 హెక్టార్లలో ఏర్పడింది. బట్టమేక పక్షి కోసం వేసిన ఆ సరిహద్దు పక్షికి చాలలేదు. అది గడ్డినేలతోపాటు చుట్టుపక్కల మెట్టచేలలోనూ తిరిగే పక్షి. రక్షణ వల్ల కృష్ణజింకలు పెరిగి రైతుల పంటలు మేశాయి; బట్టమేక మాత్రం క్రమంగా కనుమరుగైంది. పంట పోయాక ఇచ్చే పరిహారం నష్టానికి బదులే గాని, చేను చివర గడ్డి మిగిల్చినందుకు ప్రతిఫలం కాదు. ఈ రెండింటి తేడాను దశబంధం ఎరిగిన సీమ మరవడం విచిత్రం.

కడప కథ ఇంకా కఠినం. అంతరించిందనుకున్న కలివికోడిని 1986లో భరత్ భూషణ్ లంకమల ప్రాంతంలో తిరిగి కనుగొన్నారు. తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ ఆవాసాన్ని తాకడంతో వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరి, కాలువ దారి మారింది. అక్కడ ప్రభుత్వానికి తెలిసిన సాధనాలు రెండే: అభయారణ్యం, భూసేకరణ.

మూడో సాధనం అమెరికాలోని టెక్సాస్‌లో ఉంది. 1995 రాజ్యాంగ సవరణతో, అప్పటికే వ్యవసాయ భూమిగా పన్ను రాయితీ పొందుతున్న నేలను వన్యప్రాణుల కోసం నిర్వహించినా ఆ రాయితీ కొనసాగుతుంది. చట్టం చెప్పిన ఏడు పనుల్లో కనీసం మూడు చేయాలి. భారతదేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2002లో వచ్చిన సవరణ, ప్రైవేటు భూమిని యజమాని సమ్మతితో సాముదాయిక రక్షిత ప్రాంతంగా ప్రకటించే వీలు కల్పించింది, పన్ను ఊసెత్తలేదు.

అయితే టెక్సాస్ పద్ధతిని ఇక్కడికి ఎత్తి తేలేము. అక్కడ ఆస్తిపన్ను బరువు గనుకే రాయితీకి విలువ. రాయలసీమ మెట్టభూమిపై నేడు భూమిశిస్తు భారమే లేదు, లేనిదాన్ని మినహాయించలేరు. దశబంధం నుంచి తీసుకోదగినది మినహాయింపు కాదు, షరతూ దాని తనిఖీ. ఊళ్లో సాగును ఏటా కళ్లారా చూసి రాసే కరణం పదవి 1984లో రద్దయింది. అడంగల్ నిలిచింది గాని, పక్షి కోసం దున్నకుండా ఉంచిన చేనుకు అందులో నేటికీ ఉన్న మాట బీడు.